దాచిపెట్టిన ఐదు నెలలు

నా కుడిచెయ్యి ఇప్పుడు భుజం ఎత్తు దాకా లేస్తుంది. అంతకు మించి లేవదు. బడిలో నల్లబోర్డు కింది సగంలోనే రాస్తాను. వెనక వరస పిల్లలు మెడలు సాచి చూస్తారు. ఆపరేషన్ జరిగి ఆరేళ్లు దాటింది. బతికి ఉన్నాను. నా వంటి జబ్బుతో భయపడుతున్న ఆడవాళ్ల కోసం నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను గాని, కాగితం ముందు పెట్టుకున్నాక తెలిసింది, ముందు నాకే కాస్త కుదురు కావాలని. ఈ జబ్బు గురించి మాట్లాడీ మాట్లాడీ అలసిపోయాను.

నా పేరు మార్తమ్మ. బోధన్‌లో ఆడపిల్లల ప్రైమరీ బడిలో టీచర్ని. మా ఆయన దేవదాసు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో మా అత్తమ్మ ఉండేది. సరోజ మాకు ఒక్కతే కూతురు.

1968 దసరా సెలవుల్లో ఒకరోజు స్నానం చేస్తుంటే సబ్బు చేతికి కుడి రొమ్ములో, చంక వైపు, చింతగింజంత గట్టిగా ఏదో తగిలింది. మళ్లీ నొక్కి చూశాను. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను మోసం చేసింది. పన్ను నొస్తే ఇల్లంతా లేపేదాన్ని. ఇది నొయ్యలేదు గనక నీళ్లు పోసుకొని, చీర కట్టుకొని, వంటింట్లోకి పోయి పప్పు పొయ్యి మీద పెట్టాను.

సెలవులు అయిపోయాక చెబుదామనుకున్నాను. ఇంతలో ఫ్యాక్టరీలో సీజన్ మొదలైంది. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరాయి. మా ఆయన పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒక షిఫ్టు అంటూ ఒంటినిండా గ్రీజుతో వచ్చి పీట మీద కూర్చునే నిద్రపోయేవాడు. ఇప్పుడెందుకు అనుకున్నాను. తర్వాత క్రిస్మస్ వచ్చింది. పండగ ముందు ఎందుకు అనుకున్నాను. తర్వాత సరోజ పరీక్షలన్నాను. చెప్పుకున్న కారణాలన్నీ నిజమైనవే. వాటి అడుగున ఉన్నది మాత్రం సిగ్గు. దవాఖానకు పోతే మగ డాక్టరు ఉంటాడు, జాకెట్టు విప్పమంటాడు. అంతకన్నా అడుగున మరొకటి ఉంది. నా చిన్నప్పుడు మా వాడలో ఒకామెకు రొమ్ములో పుండయింది. ఆమెను వెనకింట్లో పడుకోబెట్టారు. మేము పిల్లలం ఆ ఇంటి ముందు నుంచి ముక్కు మూసుకొని పరుగెత్తేవాళ్లం. ఆమె పేరు కూడా ఎవరూ పలికేవారు కాదు. నేను ఆమె కాకూడదనుకున్నాను. ఎవరికీ చెప్పకపోతే ఆమెను కానని ఎక్కడో నమ్మాను.

పిల్లలకు రోజూ శుభ్రత పాఠం చెప్పేదాన్ని. గోళ్లు చూపించమనేదాన్ని.

చింతగింజ ఉసిరికాయంత అయింది.

*

సీజన్‌లో బోధన్‌లో బట్టలు ఆరేస్తే ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి నల్లటి నుసి వచ్చి పడుతుంది. మా బట్టలు ఉతికే చాకలి రాజవ్వ ఆ నుసిని తిట్టుకుంటూనే పని చేసేది. 1969 ఫిబ్రవరి ఆఖర్లో ఒకరోజు మధ్యాహ్నం బట్టల మూట దించి, వాకిట్లోంచి నన్ను పిలిచింది.

“టీచరమ్మా, జర ఇట్ల రా.”

వెళ్లాను. ఆమె చేతిలో నా తెల్ల జాకెట్టు ఉంది. రెండు చేతులతో సాగదీసి పట్టుకొని ఉంది.

“గీ మరక మూడు వారాల సంది వస్తున్నది. మసి గాదు. మసి అయితే సబ్బుకు వోతది. గిది నెత్తురు.”

“ఏదో గీసుకుంది రాజవ్వా.”

“గీసుకుంటే ఒక్కపారి గీసుకుంటది. అన్ని జాకెట్లకు గదే జాగల గీసుకుంటదా?”

నేను జాకెట్టు లాక్కోబోయాను. ఆమె వదల్లేదు.

“నేను వాడ వాడంత బట్టలు ఉతుకుత. ఎవలింట్ల ఏమైతున్నదో బట్టలే సెప్తయి నాకు. నేను ఎవలికి సెప్ప. గని నువ్వు సెప్పాలె. ఇయ్యాల సారుకు సెప్పకపోతివి, రేపు నేనే సెప్త.”

నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. ఐదు నెలల తర్వాత ఏడుపు వచ్చింది. రాజవ్వ నా పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడి, ఏడుపు అయ్యేదాకా ఆగి, జాకెట్టు మడిచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్లు పోస్తూ చెప్పాను. ఆయన చేతులు అలాగే నీళ్ల కింద ఉంచాడు.

“ఎప్పటి సంది?”

“దసరా సంది.”

చెంబు నా చేతిలోంచి తీసుకొని కింద పెట్టాడు. తర్వాత అన్నాడు, “ఐదు నెల్లు. ఐదు నెల్లు నా పక్కనే ఉన్నవ్. ఒక్క మాట చెప్పబుద్ధి కాలేదా?”

“నువ్వు నిద్రపోతుంటివి.”

“లేపాలె. లేపకపోతివా?”

గొంతు పెంచలేదు. తిడితే బాగుండునని ఆ రోజు అనుకున్నాను.

*

రెండోనాడే నిజామాబాద్ పోయాం. దవాఖాన వరండాలో పొడుగాటి బెంచీలు. చంటిపిల్లల తల్లులు, దగ్గే ముసలివాళ్లు, కాలికి కట్టు కట్టుకున్న ఒక రిక్షా ఆయన. లోపల ఒక లేడీ డాక్టరు ఉందని మా ఆయన ముందే కనుక్కొని నన్ను ఆ వరసలో కూర్చోబెట్టాడు. చీటీ రాసే కిటికీ దగ్గర జబ్బు ఏమిటని అడిగితే ఆయన వంగి మెల్లగా చెప్పడం చూశాను. నేను కొంగు భుజం నిండా కప్పుకొని కూర్చున్నాను.

రెండు గంటలు గడిచాక ఆయా చీటీ పట్టుకొని గుమ్మంలోకి వచ్చి గట్టిగా పిలిచింది.

“రొమ్ము గడ్డ ఎవలు? రొమ్ము గడ్డ!”

వరండా అంతా తల తిప్పింది. రిక్షా ఆయన కూడా చూశాడు. నేను లేవలేదు. లేస్తే ఆ మాట నాదైపోతుంది. ఆయా మూడోసారి పిలవబోతుంటే గోడ దగ్గర నిలబడ్డ మా ఆయన ముందుకొచ్చాడు.

“మేమే,” అన్నాడు.

ఆ మాట పట్టుకొని లేచాను.

డాక్టరమ్మ నా కన్నా చిన్నది. చేతులు చల్లగా ఉన్నాయి. “ఎన్నాళ్లయిందమ్మా చూసుకొని?” అని అడిగింది. “రెండు నెలలు,” అన్నాను. అక్కడ కూడా అబద్ధమే వచ్చింది నోటికి. తెర అవతల నుంచి మా ఆయన గొంతు వినిపించింది. “ఐదు నెల్లు, డాక్టరమ్మా.”

మొత్తం తీసేయాలని చెప్పింది. ఆలస్యం చేయొద్దంది. మా ఆయన సంతకం కావాలంది.

“తీస్తే బతుకుతదా?” అని అడిగాడు ఆయన.

“తీయకపోతే బతకదు. తీస్తే బతకవచ్చు. అంతకన్నా నేను చెప్పలేను.”

ఆయన కలం పట్టుకున్నాడు గాని, ఎక్కడ పెట్టాలో తెలియక కాగితం మీద వెతికాడు. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది.

మార్చిలో ఆపరేషన్ అయింది. దాని గురించి ఎక్కువ రాయను. మెలకువ వచ్చినప్పుడు దాహం, కుడివైపు ఎవరో బండ పెట్టినట్టు బరువు. కట్టు విప్పిన రోజు కళ్లు మూసుకున్నాను. నర్సు “చూసుకుంటారా?” అని అడిగితే “రేపు,” అన్నాను. అట్లా చాలా రేపులు గడిచాయి. చివరికి ఇంటికి వచ్చాక సరోజ నాకు స్నానం చేయిస్తుంటే, ఆ పిల్ల ముఖం చూసి నాకు అర్థమైంది ఎట్లా ఉందో. అది ఏడవలేదు. “నీళ్లు వేడెక్కువున్నయా అమ్మా?” అని అడిగి పోస్తూనే ఉంది. అప్పుడు నేనూ వంగి చూసుకున్నాను.

ఇంట్లో మా అత్తమ్మ నాకు వేరే పళ్లెం, వేరే గ్లాసు పెట్టింది. నా చాప వేరే మూలకు జరిపింది.

“అత్తమ్మా, ఇది అంటుకునే రోగం కాదని డాక్టరమ్మ చెప్పింది,” అన్నాను.

“ఆమె సదివింది. నేను సూసిన. మా అక్కకు వచ్చింది, ఆమె బిడ్డకు వచ్చింది. అంటుకోకపోతే ఇద్దరికెట్ల వస్తది?”

కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డకు రక్తంలో రావచ్చని తర్వాతెప్పుడో డాక్టరమ్మ చెప్పింది. అప్పటికి అత్తమ్మ లేదు చెప్పడానికి. కాని ఒకటి రాయాలి. అంటుతుందని అంత గట్టిగా నమ్మిన మనిషి, నా పుండు తుడిచిన గుడ్డలు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. తానే వేడినీళ్లలో ఉడకబెట్టి, తానే ఉతికి, పెరట్లో వేరే తాడు మీద ఆరేసేది. “నీకంటుతదేమో గదా అత్తమ్మా,” అంటే “నాకెన్ని దినాలున్నయి ఇగ,” అనేది. పళ్లెం గురించి ఆమె మీద కోపం, గుడ్డల గురించి ఆమె మీద ప్రేమ, రెండూ నాలో ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

చెయ్యి లేవడం లేదు. రోజూ గోడ ముందు నిలబడి వేళ్లతో గోడ ఎక్కమని డాక్టరమ్మ చెప్పింది. ఎంత నొచ్చినా మానొద్దంది. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి రాగానే వంటింటి గోడ దగ్గర నన్ను నిలబెట్టి, వేళ్లు ఎక్కడిదాకా పోయాయో చూసి, సుద్దముక్కతో గీత గీసేవాడు. కొన్ని రోజులు గీత నిన్నటి కన్నా కిందనే పడేది. ఎక్కడ పడితే అక్కడే గీసేవాడు, నా సంతోషం కోసం పైకి జరిపేవాడు కాదు. ఆయన గోడను చూసేవాడు. నన్ను ఆ వైపు నుంచి చూడడానికి మాత్రం ఆయనకు ఏడాది పట్టింది. దాని గురించి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇది చదివితే ఆయనకు తెలుస్తుంది, నేను గమనించానని.

*

వేసవిలో కరెంటు పెట్టించుకోవడానికి పట్నం పోవాల్సి వచ్చింది. కరెంటు అనేది మేము అనుకునే మాట. పెద్ద యంత్రం కింద పడుకోబెడతారు, ఏమీ తెలియదు, ఇంటికి వచ్చాక చర్మం కాలుతుంది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది అది. బడులు మూసేశారు గనక నా సెలవు తిప్పలు తప్పాయి. సికింద్రాబాద్‌లో మా ఆయన చిన్నమ్మ ఇంట్లో ఉండి రోజూ దవాఖానకు పోయేదాన్ని. కొన్ని రోజులు బస్సులు ఉండవు. కొన్ని రోజులు కర్ఫ్యూ. ఒకనాడు సగం దారిలో బస్సు ఆపి అందరినీ దించేశారు. ఎండలో తల మీద కొంగు వేసుకొని, కాలుతున్న చర్మానికి చీర తగలకుండా చేత్తో ఎత్తిపట్టుకొని నడిచాను. నాలాంటివాళ్లు ఆ దారిలో ఇంకా ఉన్నారని కొంతసేపటికి తెలిసింది. నడిచే తీరును బట్టి గుర్తుపట్టవచ్చు.

అక్కడ కూర్చునే హాల్లో పోశవ్వ కలిసింది. మా బోధన్ పక్కన రెంజల్ దగ్గరి ఊరు ఆమెది. చెరుకు నరికే కూలి. దవాఖాన దగ్గరి సత్రంలో ఉంటూ, చెల్లెలు సాయవ్వ రోజూ ఆమె రెక్క పట్టుకొని తీసుకొచ్చేది. పోశవ్వ చీర కింద వేపాకులు కట్టుకొని ఉండేది. అయినా వాసన వచ్చేది. మొదటి రోజు ఆమె వచ్చి బెంచీ మీద కూర్చోగానే ఆడవాళ్లు ఒక్కొక్కరే జరిగారు. నేనూ జరిగాను. మా వాడలో ముక్కు మూసుకొని పరుగెత్తిన పిల్ల నాలో ఇంకా ఉంది. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. మర్నాడు పోయి ఆమె పక్కనే కూర్చున్నాను. నేను టీచర్నని అప్పటికే ఆ హాల్లో అందరికీ తెలుసు.

“నువ్వెన్ని నెల్లు దాసినవ్ పంతులమ్మా?” అని అడిగింది పోశవ్వ. ఊరూ పేరూ అడగలేదు. ముందుగా ఇదే అడిగింది.

“ఐదు నెలలు, అక్కా.”

“నేను రెండు నరుకుళ్లు దాసిన.” రెండు చెరుకు నరుకుళ్లు అంటే రెండేళ్లు. “నాకు సదువు లేదు. గడ్డ అంటే గడ్డనే అనుకున్న. నీకు సదువున్నది గదా. నువ్వెందుకు దాసినవ్?”

ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. చెప్పడానికి ప్రయత్నించాను. సిగ్గన్నాను, భయమన్నాను. ఆమె తల ఊపుతూ విన్నది. “అయితే సదువుతోని పోదా గిది,” అని చెల్లెలితో అన్నది.

తర్వాత రోజుల్లో మేము ముగ్గురం ఒకచోటే కూర్చునేవాళ్లం. సాయవ్వ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చేది, నేను మజ్జిగ తీసుకుపోయేదాన్ని. ఒకరోజు సాయవ్వ నీళ్ల కోసం పోయినప్పుడు పోశవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

“మా సెల్లెకు గూడ ఉన్నది.”

“ఏమున్నది?”

“గిదే. శనగ్గింజంత అన్నది ఒక్కపారి. మల్ల అడిగితే ఏం లేదన్నది. నన్ను దినాం పట్టుకొస్తది, నా పుండు కడుగుతది, తనది సూపియ్యది. నువ్వు సెప్పు పంతులమ్మా. నేను సెప్తే ఇనది. పుండుదాని మాట ఎవలింటరు?”

సాయవ్వ నీళ్లతో రావడం చూసి నేను మాట మింగాను. రేపు చెబుతాననుకున్నాను. ఆ సాయంత్రమే పట్నంలో గొడవలయ్యాయి, కర్ఫ్యూ పెట్టారు. మళ్లీ దవాఖాన దారి తెరుచుకున్నాక నేను పోయాను. పోశవ్వ రాలేదు. మరునాడూ రాలేదు. చీటీల కిటికీ దగ్గర అడిగితే, ఊరికి తీసుకుపోయారని చెప్పారు.

*

నాకు చెయ్యి కాస్త స్వాధీనమయ్యాక, 1970 మొదట్లో, ఒక ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి పోశవ్వ వాళ్ల ఊరు పోయాను. ఆమె వానాకాలంలోనే చనిపోయిందని ఊరి మొదట్లోనే తెలిసింది. సాయవ్వ చెరుకు తోటలో మోపులు కడుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. నవ్వలేదు. గట్టు మీదికి వచ్చింది.

“అక్క నీ సంగతి నాకు చెప్పింది సాయవ్వా. నాతో రా. నిజామాబాద్‌లో లేడీ డాక్టరు ఉంది. నేను పక్కనే ఉంటాను.”

“మా అక్కను గా కరెంటే సంపింది. నేను రాను.”

“కరెంటు చంపలేదు. ఆలస్యం చంపింది.”

“నువ్వు సూసినవా?”

ఆమెను చెరుకు మధ్యలోకి తీసుకుపోయి జాకెట్టు హుక్కులు విప్పి చూపించాను. అప్పటిదాకా డాక్టరుకు, కూతురికి తప్ప ఎవరికీ చూపించలేదు. మా ఆయన కూడా ఇంకా సరిగా చూడలేదు. సాయవ్వ దగ్గరికొచ్చి చూసింది. చెరుకాకులు కోసుకున్న వేలితో మచ్చను ఈ చివర నుంచి ఆ చివర దాకా తాకింది.

“నొస్తదా?”

“ఇప్పుడు నొయ్యదు. చూడు, నేను బతికే ఉన్న.”

“మీ ఆయన నిన్ను ఉంచుకున్నడా?”

“ఉంచుకున్నాడు.”

“మా ఆయన ఉంచుకోడు,” అన్నది సాయవ్వ. నా హుక్కులు పెట్టడానికి నా ఎడమచెయ్యి తడబడుతుంటే తానే పెట్టింది. కొంగు సరిచేసింది. “మంచిగ పో పంతులమ్మా, బస్సు మల్ల దొరకది,” అని మోపుల దగ్గరికి పోయింది.

రెండేళ్లకు ఆమె కూడా పోయిందని తెలిసింది. ఆమె భర్తతో మాట్లాడాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. ఇప్పుడైతే ముందు మగవాళ్ల దగ్గరికే పోతాను, మా ఆయనను వెంటబెట్టుకొని. అది సాయవ్వ నేర్పింది. ఆమెకు మాత్రం ఉపయోగపడలేదు.

*

ఆ తర్వాత మా చర్చి స్త్రీల సమాజంలో మాట్లాడాను. మాట్లాడే ముందు పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, “టీచరమ్మా, ఛాతీ జబ్బు అనండి, చాలు,” అన్నది. సరే అన్నాను. లేచి నిలబడ్డాక చూస్తే, ఛాతీ జబ్బు అంటే దగ్గు అనుకుంటారు, ఉబ్బసం అనుకుంటారు. “నాకు రొమ్ములో గడ్డ వచ్చింది,” అన్నాను. తలలు దిగిపోయాయి. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఒకామె పాటల పుస్తకం తెరిచి పేజీలు తిప్పసాగింది. స్నానం చేసేటప్పుడు నెలకొకసారి చేత్తో చూసుకోమని, నొప్పి లేదని నమ్మొద్దని, పాలిచ్చే కాలంలో కాకుండా నెత్తురో నీరో కారితే ఆగొద్దని చెప్పి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.

అడగడానికి ఇంటికి వచ్చారు. ఒక్కొక్కరే వచ్చేవారు. చింతపండు కావాలని వచ్చేవారు, పిల్ల లెక్కలు ఎట్లా చేస్తోందని వచ్చేవారు, పోయేముందు గుమ్మం దగ్గర ఆగి “ఒక మాట టీచరమ్మా,” అనేవారు. రాజవ్వ కూడా పంపేది. ఎవరి రహస్యమూ బయటపెట్టేది కాదు, ఉతికిన బట్టలిస్తూ “టీచరమ్మ ఇంటికి ఒక్కపారి పోయి రా,” అని మాత్రం చెప్పేదట. హిందువుల ఇళ్ల నుంచి, సాయబుల ఇళ్ల నుంచి కూడా వచ్చారు. వాళ్లను తీసుకొని నేను నిజామాబాద్ పోయేదాన్ని. వరండాలో అదే బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆయా అదే ఆయా. ఒకరోజు ఆమెను పక్కకు పిలిచి, “అట్లా జబ్బు పేరు పెట్టి పిలవకమ్మా,” అని అడిగాను.

“మరెట్ల పిలవాలె? చీటీ మీద గదే రాస్తరు.”

“పేరు కూడా రాస్తారు గదా.”

చీటీ నాకు చూపించింది. ఆమెకు చదువు రాదు. కిటికీలో రాసే అతను జబ్బు ఏదో నోటితో చెబితే, అదే గుర్తుపెట్టుకొని వచ్చి అరిచేది. నేను పోయి అడిగాక, ఆ రోజు నుంచి అతను పేరు కూడా చెబుతున్నాడు. ఆమె ఇప్పుడు పేర్లతోనే పిలుస్తుంది, కొన్ని తప్పుగా పిలుస్తుంది. ఇన్నేళ్లలో నేను సాధించానని చెప్పుకోదగ్గది ఇదే అనిపిస్తుంది కొన్నిసార్లు.

తీసుకుపోయినవాళ్లలో కొందరు ఇవాళ బజారులో ఎదురై నవ్వుతారు. కొందరి ఇళ్ల మీదుగా పోవాలంటే వేరే సందులోంచి పోతాను. ఒకామె కొడుకు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. నేను తీసుకుపోకపోతే తల్లి ఇంట్లోనే ప్రశాంతంగా పోయేదని అతని బాధ. అతనితో వాదించలేదు. మా ఆయన ఈమధ్య అంటున్నాడు, “ఇగ చాలించరాదా మార్తా. అందరి భయం నువ్వొక్కదానివే మోస్తవా?” నిజమే. ప్రతి కొత్త మనిషితో నేను ఆ తెర వెనకకు మళ్లీ పోతున్నాను. ఆ చల్లని చేతులు మళ్లీ నా మీదే పడ్డట్టు ఉంటుంది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేను.

మానేస్తానని ఈ వానాకాలం మొదట్లో అన్నాను కూడా. అప్పుడే యాదమ్మ సంగతి వచ్చింది.

యాదమ్మ నిజామాబాద్‌లో బీడీలు చేస్తుంది. పాలు మరిచిన చిన్నబిడ్డ ఉంది. ఆమె అక్క బోధన్‌లో మా వెనక వీధిలో ఉంటుంది. చెల్లెకు రొమ్ములో గడ్డ ఉందని, ఎవరు చెప్పినా వినదని ఏడుస్తూ వచ్చింది. సాయవ్వ గుర్తొచ్చి పోయాను. యాదమ్మ చాట ఒళ్లో పెట్టుకొని, తల ఎత్తకుండా తునికాకు కత్తిరిస్తూ కూర్చుంది. “నాకేం లేదు,” అన్నది. మళ్లీ పోయాను. మూడోసారి మా ఆయన కూడా వచ్చి ఆమె భర్తతో బయట చెట్టు కింద గంటసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. లోపల నేను యాదమ్మతో పోశవ్వ గురించి, సాయవ్వ గురించి అంతా చెప్పాను. భయపెట్టాను. భయపెట్టాలనే చెప్పాను. ఆమె కత్తెర ఆగిపోయింది.

డాక్టరమ్మ చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పట్నం పంపింది. జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు నేనూ సరిగా తినలేదు. పోయిన శుక్రవారం ఇద్దరం పోయాం. ఆయా “యాదమ్మా” అని పిలిచింది. లోపలికి పోయి చాలాసేపు రాలేదు. నేను బెంచీ మీద కూర్చొని గోడను చూస్తున్నాను.

యాదమ్మ బయటికి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నేను లేచాను.

“ఏం లేదట,” అన్నది. “వట్టి గడ్డనట. తీసిన కాడికి చాలట. ఇంకేం చేసేది లేదట.”

నాకు మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. ఆమె కూర్చోలేదు. నా ముందు నిలబడి తిట్టడం మొదలుపెట్టింది.

“నెల దినాల సంది నాకు బువ్వ దిగలే టీచరమ్మా. నా బిడ్డను సాకాలెనని మా అక్కతోని ఒట్టు వెట్టించిన. పండుకుంటే గా పోశవ్వ, గా సాయవ్వ, ఇద్దరొచ్చి నా పక్కల కూసుంటున్నరు. నీకేం పని లేదా? నీకచ్చిందని ఊరందరికి రావాల్నా?”

వరండా అంతా వింటోంది. ఆయా గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“తప్పయింది యాదమ్మా,” అన్నాను.

“తప్పయిందంటే అయిపాయెనా? మూడు దినాలు ఆకు తడిపి చెయ్యక పారవోసిన. మా ఆయన ముఖం సూడలేకపోయిన. మీ సారొచ్చి ఏం సెప్పిండో ఏమో, గాయన దినాం నాకు చాయ చేసి ఇచ్చుడు వెట్టిండు, గది సూసి ఇంకింత భయమైంది నాకు!”

ఆమె ఇల్లు దవాఖానకు అటువైపు. బస్టాండు ఇటువైపు. తిడుతూ తిడుతూ నా వెంట ఇటువైపే వచ్చింది. గంజ్ రోడ్డు మీద జనం తిరిగి చూశారు. రిక్షాలు మమ్మల్ని తప్పించుకొని పోయాయి. నా నడక నిదానం. ఆమె నాలుగడుగులు ముందుకు పోవడం, నేను వచ్చేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టడం. బోధన్ బస్సు నిలబడి ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె కిటికీ కిందికి వచ్చి చువ్వలు పట్టుకుంది. ఎర్రబడ్డ కళ్లు, జారిపోయిన జడ, గట్టి గొంతు.

వింటూ కూర్చున్నాను. ఎంతోమంది ఆడవాళ్లు ఆ వరండా నుంచి నా పక్కన నోరు మెదపకుండా ఇంటికి వచ్చారు. ఇంత ఊపిరితో నన్ను తిట్టినవాళ్లు లేరు. డ్రైవరు ఎక్కాడు. కండక్టరు గంట కొట్టాడు. బస్సు కదులుతుంటే యాదమ్మ నాలుగడుగులు దానితోపాటు నడుస్తూ ఇంకా ఏదో అంటూనే ఉంది. ఇంజన్ చప్పుడులో మాటలు వినిపించలేదు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, కనుమరుగయ్యేదాకా ఆమె నోరు కదలడం చూశాను.